పాటు వేళకు రండి: గయానా అధ్యక్షుడికి ఒక కోనసీమవాసి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గయానా అధ్యక్షులు డాక్టర్ మొహమ్మద్ ఇర్ఫాన్ అలీ గారికి,



ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. ఎవరో ఒకరు అనువదించి చెబితే తప్ప మీకు చేరదని తెలిసే రాస్తున్నాను. 1845 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి మీ దేశానికి చెరకు కూలీలుగా వచ్చిన సుమారు 15 వేల మందిలో తమిళులతో పాటు మా తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల భాష మీ నేలలో ఎప్పుడో ఇంకిపోయింది. కానీ మీ దేశం వచ్చినప్పుడు ఆల్బియన్ అనే ఊళ్లో అమ్మవారి పూజకు వెళ్తే, అక్కడ మోగించే వాయిద్యాన్ని ‘తప్పు’ అన్నారు. మా ఊళ్లో తప్పెట అంటాం. వేపమండలు కట్టి తల మీద మోసే కుండని ‘కరగం’ అన్నారు. మా గోదావరి జిల్లాల జాతర్లలో అది గరగ. నూటడెబ్భై ఏళ్ల తర్వాత కూడా ఆ రెండు మాటలు బతికి ఉన్నచోటికి, నా మాటలోనే రాయడం సబబని తోచింది.

నేను కోనసీమవాణ్ని. మా నాన్న లొల్ల లాకుల దగ్గర లస్కరు. కాలువకి నీళ్లు ఎప్పుడు వదలాలో, తలుపు ఎన్ని అంగుళాలు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూడటమే ఆయన జీవితం. వాన పడే రాత్రి ఇంట్లో అందరూ దుప్పటి కప్పుకుంటే ఆయన లాంతరు పుచ్చుకుని గట్టెక్కేవాడు. నిరుడు జార్జ్‌టౌన్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడి దగ్గరికి వచ్చి అయిదు వారాలున్నాను. అందులో మూడు వారాలు బర్బీస్‌లో, కోరెంటైన్ తీరం వెంబడే గడిచాయి. చూడవలసినవి చాలా చెప్పారు గానీ, నా కాళ్లు మాత్రం రోజూ ఒక్కచోటికే తీసుకెళ్లేవి: సముద్రపు కట్ట మీద ఉన్న కోకర్ దగ్గరికి.

కోకర్ అంటే మా పాఠకులకి చెప్పాలి. ఊరి మురుగు కాల్వ సముద్రంలో కలిసేచోట నిలువుగా పైకీ కిందికీ జరిగే తలుపున్న తూము అది. సముద్రం పాటు మీదున్నప్పుడు తలుపెత్తితే పొలాల నీళ్లు బయటికి పోతాయి. పోటు మొదలవకముందే దించెయ్యాలి. దించకపోతే ఉప్పునీరు ఎగదన్ని చేలల్లోకి వస్తుంది. రోజుకు రెండు పాట్లు. ఆ వేళ రోజూ ఒకేలా ఉండదు, దాదాపు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. ఈ వారం మధ్యాహ్నం ఎత్తిన తలుపు పై వారానికి చీకట్లో ఎత్తాలి. వాన, చలి, పండగ, చావు, ఏదున్నా సముద్రం ఆగదు కదా.

నేను చూసిన కోకర్ దగ్గర పని చేసే పెద్దాయన వయసు అరవై దాటింది. అక్కడ పెద్దవాళ్లని ‘అంకుల్’ అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు గనక ఆయన నన్ను ‘బ్రదర్’ అన్నాడు. జేబులో పోటు పాట్ల వేళలున్న చిన్న పుస్తకం ఉంది, కానీ దాన్ని తీసి చూడటం నేనెప్పుడూ చూడలేదు. నీటి రంగు చూసి, కట్టకి తగిలే అల చప్పుడు విని, “ఇంకో ఇరవై నిమిషాలు” అనేవాడు. మా నాన్న లస్కరని చెప్పినప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకుని చక్రం మీద పెట్టాడు. ఇద్దరం కలిసి ఆ తలుపెత్తాం. ఆ సాయంత్రం ఆయన చెప్పిన మాటే ఈ ఉత్తరానికి కారణం. “మా అబ్బాయి జార్జ్‌టౌన్‌లో ఆయిల్ ఓడలకి సరుకులెత్తే యార్డులో పని చేస్తున్నాడు. మంచి జీతం. నా తర్వాత ఈ చక్రం తిప్పడానికి ఎవరొస్తారో తెలియడంలేదు.”

అయ్యా, మీ దేశ జనంలో పదింట తొమ్మిది వంతులు నివసించేది ఆ సన్నటి తీరపు పట్టీ మీదే. అందులో చాలా భాగం సముద్రపు పోటు మట్టానికి దిగువన ఉంది. ఆ నేల దానంతటదే నేలగా లేదు. ఎవరో దాన్ని రోజూ నేలగా నిలబెడుతున్నారు. డచ్చివాళ్లు గీతలు గీశారు, ఆఫ్రికా నుంచి సంకెళ్లతో తెచ్చిన బానిసలు ఆ గీతల వెంట తవ్వారు. మీ చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీ తన గ్రంథంలో ప్రస్తావించిన లెక్క చదివినప్పుడు కొంతసేపు పుస్తకం పక్కన పెట్టాల్సి వచ్చింది. ఒక్కో చదరపు మైలు చెరకు తోటకి 49 మైళ్ల మురుగు కాల్వలు, బోదెలు. దానికి తోడు 16 మైళ్ల ఎగువ కాల్వలు. తీరమంతా ఇవన్నీ తవ్వడానికి ఆ బానిసలు పారలతో ఎత్తిపోసిన బురద తక్కువలో తక్కువ 10 కోట్ల టన్నులు. మొలలోతు బురదలో నిలబడి. ఈ లెక్క 1940ల చివర చక్కెర పరిశ్రమ మీద వేసిన బ్రిటిష్ కమిషన్ కట్టింది.

బానిసత్వం పోయాక ఏం జరిగిందో కూడా మా వాళ్లకి పెద్దగా తెలియదు. 1839లో 83 మంది మాజీ బానిసలు కూడబెట్టిన నాణేలన్నీ కలిపి ఒక పాత ఎస్టేటు కొన్నారు. అదే నేటి విక్టోరియా గ్రామం. మరుసటి ఏడాది ఇంకో 128 మంది కలిసి బక్స్‌టన్ కొన్నారు. భూమి కొన్నారు గానీ నీళ్లు వాళ్ల చేతిలో లేవు. కాల్వ నిలబెట్టడానికి ఎస్టేటు యజమాని దగ్గర ఉన్న డబ్బు ఊరి దగ్గర లేదు. మురుగు పోక పంట మునిగి, ఊళ్లకి ఊళ్లు చితికిపోయాయి. మీ తీరంలో భూమి ఉన్నవాడు రైతు కాదు, నీటిని బయటికి పంపగలిగినవాడే రైతు. విక్టోరియా, బక్స్‌టన్ అప్పుడే రుజువు చేసిన విషయం ఇది. ఇవాళ్టి బర్బీస్‌కీ ఇదే వర్తిస్తుందని నా మనవి.

ఆ కాలంలోనే మా దేశం నుంచి కూలీలు రావడం మొదలైంది. 1838 నుంచి 1917 దాకా సుమారు 2,39,000 మంది. ఒప్పందం తీరాక తిరుగు ప్రయాణం వదులుకుని, చెరకు తోటల వెనక ఎవరికీ పట్టని చిత్తడిలో గట్లు పోసుకుని వరి వేసింది వాళ్లే. ఎడ్లు కట్టి, దమ్ము చేసి, ఊడ్చి, కోసి. మీ దేశం బియ్యం ఎగుమతి చేసే దేశమైంది అలా. బ్లాక్ బుష్ పోల్డర్‌లో మిబికూరి దాకా వెళ్లాను. 1950ల చివర మొదలైన ఆ స్కీములో ఒక్కో కుటుంబానికి 15 ఎకరాల వరి భూమి, ఇంటి చుట్టూ రెండున్నర ఎకరాలు ఇచ్చారు. ఆ పెరళ్లు చూస్తే కడుపు నిండింది. పందిళ్ల మీద కాకర, బూరుగంత మునగచెట్లు, గజం పొడవు వేలాడే బొబ్బర్లు. వాటిని మీరు ‘బోరా’ అంటారు. మునగని ‘సయిజాన్’ అంటారు. ఒక ఇంట్లో పూజకి పిలిచి ఏడు కూరలతో తామరాకులో అన్నం పెట్టారు. ఆ రుచి గురించి ఇంకో నాలుగు పేజీలు రాయగలను గానీ, నా విషయం అది కాదు.

వరి రైతు బాధ నాకు కొత్తగా అనిపించలేదు. మీవాళ్లు వడ్లని 140 పౌన్ల బస్తాల్లో లెక్కపెడతారు, మావాళ్లు 75 కిలోల బస్తాల్లో. అంతే తేడా. కంకి పాలుపోసుకునేటప్పుడు కంపునల్లి పడితే గింజ తాలవుతుంది, మిల్లరు ధర కోస్తాడు. వడ్లు మిల్లుకి తోలాక డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా డీజిలు బంకు వాడికీ ఎరువుల కొట్టు వాడికీ ముఖం చాటెయ్యాలి. వెనెజువెలాకి బియ్యమిచ్చి చమురు బాకీ తీర్చుకున్న రోజుల్లో మంచి ధర వచ్చిందని అందరూ చెప్పారు. 2015లో ఆ ఏర్పాటు ముగిసిపోయి ధర ఎలా కూలిందో కూడా చెప్పారు. చమురు ధరతో ముడిపడిన గింజ చమురుతోనే పడిపోవడం వాళ్లు ఒకసారి చూసేశారు.

చెరకు సంగతి ఇంకా బరువైనది. ఒకప్పుడు ఏడాదికి మూడున్నర లక్షల టన్నుల పైగా చక్కెర చేసిన దేశం ఇటీవల యాభై, అరవై వేల టన్నుల దగ్గర కొట్టుమిట్టాడుతోంది. ఐరోపా తను ఇస్తూ వచ్చిన హామీ ధరని 2006 తర్వాత మూడో వంతుకు పైగా తగ్గించేసింది. 2009లో స్కెల్డన్‌లో కొత్త ఫ్యాక్టరీ ఎన్నో కోట్ల డాలర్లతో వెలిసింది, కానీ ఆశించినట్టు ఆడలేదు. 2016 చివర వేల్స్, ఆ మరుసటి ఏడాది చివర స్కెల్డన్, రోజ్ హాల్, ఎన్‌మోర్ ఎస్టేట్లు మూతపడ్డాయి. వేల కుటుంబాలు ఒక్కసారిగా రోడ్డున పడ్డాయి. అది మీ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం కాదని, మీరొచ్చాక రోజ్ హాల్‌ని 2023లో మళ్లీ తెరిచారని తెలుసు. అయితే ఎస్టేటు మూతపడినప్పుడు కూలి మాత్రమే పోలేదని స్కెల్డన్ పరిసరాల్లో నడుస్తుంటే అర్థమైంది. ఎస్టేటు పంపులు, ఎస్టేటు కాల్వలు చుట్టుపక్కల ఊళ్ల మురుగుని కూడా మోసేవి. ఆ చెయ్యి తీసేస్తే గుర్రపుడెక్క, గడ్డి అల్లుకుని కాల్వ పూడుకుంటుంది. ఒక పొలం బీడు పడితే దాని బోదె ఎవరూ తియ్యరు. ఆ బోదె తియ్యకపోతే పక్క పొలం మునుగుతుంది. అతనూ సాగు మానేస్తాడు. మా తాతలు పొలం వదిలితే తుప్పలు మొలిచేవి. మీ తీరంలో పొలం వదిలితే సముద్రం వచ్చి తీసుకుంటుంది. అందుకే మీ దగ్గర వ్యవసాయాన్ని దేశపు ఆదాయంలో దాని వాటా ఎంత అని లెక్కగట్టడం చాలదు. అది మీ సముద్రపు గోడలో ఒక భాగం.

ఇప్పుడు చమురు. 2015లో మీ సముద్రంలో లీజా అనే చోట దొరికింది, 2019 డిసెంబరులో పైకొచ్చింది. 2022 ఒక్క ఏడాదిలో మీ ఆర్థిక వ్యవస్థ 60 శాతానికి పైగా పెరిగింది. పది లక్షల జనం కూడా లేని దేశానికి ఇది ఎంత పెద్ద మలుపో బయటివాణ్నైన నేను చెప్పనక్కర్లేదు. చమురు కంపెనీలతో చేసుకున్న 2 శాతం రాయల్టీ ఒప్పందం న్యాయమా కాదా అన్నది మీ ప్రజలు తేల్చుకోవలసినది. నేను మాట్లాడుతున్నది వరి పండే నేల కింద గ్యాసు దొరికిన జిల్లాలో పుట్టినవాడిగా.

మా కోనసీమలో వరిచేల అడుగున, కొబ్బరి తోటల అడుగున గ్యాసుంది. 1995 జనవరిలో పాశర్లపూడిలో తవ్వుతున్న బావి అంటుకుని 65 రోజులు మండింది. రాత్రిపూట మా ఊరి దాకా ఆకాశం ఎర్రగా కనిపించేది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలి, తెల్లవారుజామున నిద్రలోనే ఇరవై మందికి పైగా కాలిపోయారు. మీరు వేల్స్ పాత చెరకు ఎస్టేటులో గ్యాసు విద్యుత్ కేంద్రం కడుతున్నారని, సముద్రం నుంచి గొట్టం అక్కడికి వచ్చిందని చూసినప్పుడు ఆ రెండు మంటలూ గుర్తొచ్చాయి. గొట్టం ఏ ఇంటి కింద, ఏ కాల్వ కింద పోతోందో ఆ ఊళ్లో ప్రతి తల్లికీ తెలియాలి. ఇది మాత్రం ఏ కంపెనీ మాటకీ వదిలెయ్యొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

కానీ మమ్మల్ని ఎక్కువ దెబ్బతీసింది మంట కాదు. గ్యాసు మా నేల కింద నుంచి పోయింది, మా మురుగు కాల్వలు మాత్రం పూడికతో అలాగే ఉండిపోయాయి. ప్రతి తుఫానుకీ కోతకొచ్చిన చేను రోజుల తరబడి నీళ్లలో నిలబడి మొలకెత్తేది. ధర లేదు, కూలీలు లేరు, మురుగు పోదు. విసిగి 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. వేల ఎకరాలు ఊడ్పులు లేకుండా బీడున్నాయి. అన్నపూర్ణ అని పేరు పడిన డెల్టాలో రైతు తనంతట తానే నాగలి దించాడు. ఆ తర్వాత కొన్ని చేలు రొయ్యల చెరువులయ్యాయి, ఉప్పు పక్క చేలకి పాకింది. పిల్లలు కువైట్ వెళ్లారు, హైదరాబాద్ వెళ్లారు. ఇప్పుడు మా లాకుల దగ్గర కూడా లస్కర్లు తగ్గిపోయారు. మా నాన్న చేసిన పని చెయ్యడానికి నేనూ నిలబడలేదు, ఉద్యోగం వెతుక్కుంటూ పోయాను. అందుకే ఆ అంకుల్ కొడుకుని నేను తప్పుపట్టలేను.

మా ఉదాహరణ దూరమనుకుంటే మీ పక్కనే ట్రినిడాడ్ ఉంది. చమురు, గ్యాసు పుష్కలంగా ఉన్న ఆ దేశం 2003లో తన ప్రభుత్వ చక్కెర సంస్థని మూసేసింది. తినే తిండిలో చాలా భాగం ఇవాళ ఓడల్లో దిగుమతి చేసుకుంటోంది. కరీబియన్ దేశాల తిండి దిగుమతి బిల్లుని పావు వంతు తగ్గించాలన్న కార్యక్రమానికి నాయకత్వం తీసుకున్నది మీరే. ఆ మాట మొదట నిలబెట్టాల్సిన నేల బర్బీస్, ఎసెక్విబో తీరాల్లోనే ఉంది.

మీ ప్రభుత్వం పంపులు కొంటోంది, కాల్వలు తవ్విస్తోంది, రోడ్లేస్తోంది. ఇవన్నీ కళ్లారా చూశాను. నాకు కనిపించిన లోటు వేరు. పంపు కొన్నరోజు ఫొటో తీస్తారు, రిబ్బను కత్తిరిస్తారు. దాని బేరింగు అరిగినరోజు ఎవరూ రారు. కొత్త కాల్వకి టెండరుంటుంది. పాత కాల్వలో ఏటా రెండుసార్లు గడ్డి కొయ్యడానికి మనిషి ఉండడు. అది ఎన్నికల్లో చూపించుకోవడానికి పనికొచ్చే పని కాదు కదా. 2005 జనవరి వరద మీ దేశపు ఏడాది ఆదాయంలో సగానికి మించిన నష్టం తెచ్చింది. 2021లో మళ్లీ మీ దేశపు పది ప్రాంతాలూ వరద నీళ్లు చూశాయి, మహైకా, మహైకోనీ వెనక పచ్చిక మీద పశువులు మోకాటి లోతు నీళ్లలో నిలబడే చచ్చిపోయాయి. ఎంత వాన కురిసిందన్నదే కాదు, కురిసింది ఎంత త్వరగా బయటికి పోయిందన్నది కూడా ఆ నష్టాన్ని నిర్ణయించింది.

పైగా మీ సముద్రం మామూలు సముద్రం కాదు. అమెజాన్ నది మోసుకొచ్చే బురద పెద్ద పెద్ద దిబ్బలుగా మీ తీరం వెంట పడమటికి నెమ్మదిగా నడుస్తూ పోతుంది. ఇలా ఒక దిబ్బ పోయి ఇంకోటి రావడానికి సుమారు ముప్ఫై ఏళ్లు. దిబ్బ ఊరి ముందుకొస్తే అలలు నెమ్మదిస్తాయి, కొరిడా మడచెట్లు మొలుస్తాయి, కానీ కోకర్ మూతి పూడిపోయి నీళ్లు బయటికి పోవు. దిబ్బ దాటి వెళ్లిపోతే కోకర్ మూతి తెరుచుకుంటుంది, కానీ అల నేరుగా కట్టని కొడుతుంది, మడచెట్లు కూలతాయి. అంటే ఒకే ఊరికి దిబ్బని బట్టి ఒక్కో కాలంలో ఒక్కో రకం పని కావాలి. ఇది రాజధానిలో కూర్చున్న ఇంజినీరు ఒక్కడి వల్ల కాదు. అలని రోజూ చూసేవాడు, ఆ మార్పుని ముందే కనిపెట్టగలిగినవాడు ఆ కట్ట మీదే ఉండాలి.

కాబట్టి అడుగుతున్నాను. మీ సహజ వనరుల నిధి నుంచి ఏటా బడ్జెట్‌లోకి తీసుకునే డబ్బులో ఒక వాటాని కాల్వల నిర్వహణకే చట్టంతో కట్టెయ్యండి. కొత్త నిర్మాణానికి కాదు, కేవలం నిర్వహణకి. ఏ ప్రభుత్వమొచ్చినా వేరే పనికి మళ్లించలేనట్టుగా ఉండాలి. కోకర్ దగ్గర పనిచేసే మనిషికి చమురు యార్డులో కుర్రాడికొచ్చే జీతంతో పోల్చుకోగలిగిన జీతం ఇవ్వండి, పింఛను ఇవ్వండి. ఆయన దగ్గర నేర్చుకోవడానికి ఊళ్లోనే ఇద్దరు కుర్రాళ్లని, అమ్మాయిలనైనా సరే, పెట్టండి. మూతపడ్డ ఎస్టేట్ల భూమి పాత చెరకు కార్మికుల చేతికి పోయేటప్పుడు దాని మురుగు కాల్వ, దాని పంపు కూడా పనిచేసే స్థితిలో పోవాలి. విక్టోరియా వాళ్లకి దక్కనిది స్కెల్డన్ వాళ్లకైనా దక్కనివ్వండి. మిల్లరు వడ్లు తీసుకున్న తర్వాత గడువు లోపల డబ్బు చెల్లించకపోతే, ముందు ప్రభుత్వమే రైతుకిచ్చి ఆ తర్వాత మిల్లరు దగ్గర వసూలు చేసుకునే పద్ధతి పెట్టండి. రోజుకి లక్షల పీపాల చమురు తీసే దేశానికి ఇది భారం కాదు.

ఇంకో మాట. 1977లో ఒక ఆంగ్ల పత్రిక ‘డచ్ డిసీజ్’ అని పేరు పెట్టింది. భూమి కింద సంపద దొరికిన దేశంలో భూమి మీద చేసే పనులు చితికిపోవడమే ఆ జబ్బు. హాలెండులో గ్యాసు దొరికాక జరిగింది చూసి పెట్టిన పేరు. మీ కాల్వల పథకం గీసింది ఆ హాలెండు వాళ్లే. వాళ్ల దేశం మాత్రం గ్యాసు వెలికితీసినన్నాళ్లూ తన సముద్రపు కట్టలని ఒక్క ఏడాది కూడా మరవలేదు. నీటి పాలక మండళ్లకి ఓట్లేసి ఎన్నుకునే పద్ధతి వాళ్లకి ఇప్పటికీ ఉంది, ఆ మండళ్లు సొంతంగా పన్ను వేసుకుంటాయి. బర్బీస్‌లో రైతులు, చేపలవాళ్లు, పెరళ్లలో కూరగాయలు పండించే ఆడవాళ్లు కలిసి తమ కోకర్ గురించి ఓటేసే రోజు రావాలని నా కోరిక. ఆఫ్రికా మూలాల ఊరు, భారత మూలాల ఊరు అని మీ రాజకీయం విడదీసిన చోట కూడా కాల్వ ఒకటే. బక్స్‌టన్‌లో నీళ్లు నిలిస్తే పక్క ఊరి మురుగు కూడా నిలిచిపోతుంది.

మీరు 2023 జనవరిలో ప్రవాసీ భారతీయ దివస్‌కి ముఖ్య అతిథిగా ఇండోర్ వచ్చినప్పుడు మీ ప్రసంగం విన్నాను. మీ నోట మా దేశం పేరు విని సంతోషించాను. నిజానికి ఆనాటి సంతోషమే నన్ను మీ దేశం దాకా నడిపించింది.

నేను తిరిగి వచ్చేసే ముందు రోజు పాటు తెల్లవారుజామున నాలుగున్నరకి వచ్చింది. చీకట్లో కట్టెక్కాను. అంకుల్ అప్పటికే అక్కడ ఉన్నాడు. తలుపు ఎత్తగానే లోపలి నీళ్లు ఒక్కసారిగా కదిలాయి, గుర్రపుడెక్క పూలు, ఎండుటాకులు, ఎవరిదో చెప్పు, అన్నీ కలిసి సముద్రం వైపు పోయాయి. ఆయన వాటిని చూడలేదు. వెనక్కి తిరిగి చేల వైపు చూస్తూ నిలబడ్డాడు, మట్టం ఎంత తగ్గిందో కనిపెడుతూ. మా నాన్న కూడా అచ్చం అలాగే నిలబడేవాడు.

మీరు ఎప్పుడైనా కోరెంటైన్ వచ్చేటప్పుడు ముందుగా పాటు వేళ కనుక్కుని రండి. కార్ల వరస దూరంగా ఆపించి, ఒక్కరే కట్టెక్కండి. ఆయన మీ చెయ్యి కూడా చక్రం మీద పెడతాడు.

భవదీయుడు,
కోనసీమ నుంచి ఒక లస్కరు కొడుకు